‘ఓకే’ పుట్టుక: అపోహలు – వాస్తవాలు

నిఘంటువు కోసం వ్యుత్పత్తులు పరిశీలించేవారికి ఎక్కువ శ్రమ కలిగించేవి అరుదైన మాటలు కావు, అందరి నోటా ఆడే మాటలు. అరుదైన మాటకు కథ కట్టే తీరిక ఎవరికీ ఉండదు. అందరూ వాడే మాటకైతే ఎవరికి తోచిన మూలం వారు చెబుతారు, ఆ చెప్పినది వినసొంపుగా ఉంటే నలుగురూ నమ్ముతారు. పండితులు దీనినే లోకనిరుక్తి అంటారు. లోకనిరుక్తి బారిన అత్యధికంగా పడిన ఇంగ్లీషు మాట ఏదని నన్ను అడిగితే ‘ఓకే’ పేరే చెబుతాను. దానికి ప్రచారంలో ఉన్న మూలాలు పదుల సంఖ్యలో ఉన్నాయి. కానీ దాని పుట్టుక అంతుచిక్కని రహస్యమేమీ కాదు. తేదీతో సహా అచ్చులో దొరికే ఆధారం దానికి ఉంది. అంత స్పష్టమైన ఆధారం చాలా ఇంగ్లీషు మాటలకు లేదు.

అపోహ: ‘ఓకే’ యుద్ధరంగంలోనో తంతి కార్యాలయంలోనో పుట్టింది.

అమెరికా అంతర్యుద్ధంలో ఆ రోజు ఎవరూ చనిపోలేదని తెలపడానికి ‘జీరో కిల్డ్’ అని బోర్డు మీద రాసేవారని, అందులోని సున్నా ‘ఓ’గా మారిందని ఒక కథ ఉంది. అదే యుద్ధంలో సైనికులకు పంచిన బిస్కెట్ల మీద తయారీదారు పేరులోని రెండు పొడి అక్షరాలు ముద్రించి ఉండేవని ఇంకొక కథ. టెలిగ్రాఫ్ ఉద్యోగులు ‘ఓపెన్ కీ’ అనే సాంకేతిక పదాన్ని కుదించి వాడుకున్నారన్నది మూడవది.

వాస్తవం: ఈ మూడింటినీ కాలమే తోసిపుచ్చుతుంది. అంతర్యుద్ధం 1861లో మొదలై 1865లో ముగిసింది. వాషింగ్టన్, బాల్టిమోర్ నగరాల మధ్య శామ్యూల్ మోర్స్ తొలి బహిరంగ తంతి సందేశం పంపినది 1844 మే 24న. ‘ఓకే’ అంతకు ఐదేళ్ల ముందే పత్రికలలో అచ్చయింది. ఒక మాట తన మూలం కన్నా ముందు పుట్టడం సాధ్యం కాదు కనుక ఈ కథల మీద ఇంతకు మించి చర్చ అవసరం లేదు. అయితే తంతి ఉద్యోగుల మేలును తక్కువ చేయకూడదు. సందేశం సరిగా అందిందని క్షణంలో తెలియజేయడానికి రెండక్షరాల ఈ మాట వారికి ఎంతో అనువుగా కుదిరింది, రైల్వేల వెంట, తంతి తీగల వెంట దేశమంతటా వ్యాపించింది. దాన్ని పుట్టించినవారు కాకపోయినా పెంచినవారిలో వారు ముఖ్యులు.

అపోహ: చదువు అంతంతమాత్రమైన అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్ ‘ఆల్ కరెక్ట్’ అనే మాటలను తప్పుగా రాయడం వల్ల ‘ఓకే’ పుట్టింది.

వాస్తవం: ఇది నూటికి నూరుపాళ్లూ కల్పితం కాదు, అందుకే ఇంతకాలం నిలిచింది. ‘ఆల్ కరెక్ట్’ అన్నంతవరకు నిజం, జాక్సన్ అన్నది అబద్ధం. 1829 నుంచి 1837 వరకు అధ్యక్షుడిగా ఉన్న జాక్సన్ కాగితాల మీద ఈ రెండక్షరాలు రాసి ఆమోదించేవాడన్న కథ 1840 ఎన్నికల వేళ పత్రికలలో పుట్టింది. ఆయన పార్టీని, ఆయన వారసుడిని అవహేళన చేయడమే దాని ఉద్దేశం. ఆ తరువాత కొందరు ఈ కథకు సాక్ష్యం కూడా చూపించారు. టెనెసీలోని సమ్నర్ కౌంటీ న్యాయస్థానపు 1790 నాటి దస్తావేజులో, జాక్సన్ రుజువు చేసిన ఒక విక్రయ పత్రం పక్కన ‘ఓ.కె.’ అని ఉన్నదని వారి వాదన. మూల ప్రతిని పరీక్షించి చూస్తే అక్కడ ఉన్నది ‘ఓ.ఆర్.’ అని తేలింది. పత్రాన్ని నమోదు చేయవలసిందని ఆదేశించినట్టు తెలిపే ఆనాటి గుమాస్తాల సంకేతం అది. చేతిరాతలో ఇంగ్లీషు ‘ఆర్’ అక్షరపు పైసున్న సరిగా కలవకపోతే అది ‘కె’ లాగే కనబడుతుంది. పాత దస్తావేజులు చదివేటప్పుడు ఒక అక్షరం మీద అనుమానం వస్తే అదే గుమాస్తా అదే పుటలో ఆ అక్షరాన్ని మరొక చోట ఎలా రాశాడో పోల్చి చూడాలన్నది మా వృత్తిలో మొదట నేర్చుకునే పాఠం.

ఇటువంటిదే ఇంకొకటి ఉంది. విలియం రిచర్డ్‌సన్ అనే వ్యాపారి 1815లో బోస్టన్ నుంచి న్యూ ఆర్లియన్స్‌కు ప్రయాణిస్తూ రాసుకున్న దినచర్యలో ఈ రెండక్షరాలు కనబడుతున్నాయని కొందరు పరిశోధకులు గట్టిగానే వాదించారు. అయితే ఆ చోట వ్రాతప్రతిలో దిద్దుబాట్లు ఉన్నాయి, ‘అంతా సవ్యం’ అనే అర్థం ఆ వాక్యంలో సాఫీగా అతకదు. పైగా ఆ తేదీకి, తరువాతి తిరుగులేని ప్రయోగానికి మధ్య ఇరవైనాలుగేళ్ల ఖాళీ ఉంది. ఒంటరిగా నిలిచిన ఇటువంటి సందేహాస్పద ప్రయోగాన్ని తొలి ప్రయోగంగా నిఘంటువులో ఎక్కించడం సరికాదని నా అభిప్రాయం.

మరి తిరుగులేని ప్రయోగం ఏది?

1839 మార్చి 23 నాటి ‘బోస్టన్ మార్నింగ్ పోస్ట్’ రెండవ పుటలో ఉంది. ఆ పత్రిక సంపాదకుడు చార్లెస్ గోర్డన్ గ్రీన్. ‘యాంటీ బెల్ రింగింగ్ సొసైటీ’ అనే సరదా సంఘం సభ్యుల ప్రయాణం గురించి, ప్రావిడెన్స్ నగరపు పత్రికను ఆటపట్టిస్తూ రాసిన చిన్న వ్యాఖ్య అది. అందులో ‘ఓ.కె.’ అని చిన్న అక్షరాలతో, చుక్కలతో రాసి, వెంటనే అడ్డగీతల మధ్య ‘ఆల్ కరెక్ట్’ అని వివరణ ఇచ్చారు. పాఠకులకు అప్పటికే బాగా పరిచయమైన మాటకు సంపాదకుడు వివరణ ఇవ్వడు కనుక, మాట అప్పటికి కొత్తదని ఆ వివరణ వల్లనే మనకు తెలుస్తోంది. ‘ఆల్ కరెక్ట్’లోని మొదటి అక్షరాలు నిజానికి ‘ఏ’, ‘సి’. ఆ చోట ‘ఓ’, ‘కె’ రావడమే హాస్యం. అంటే ఆ మాటలను అక్షరజ్ఞానం లేనివాడు చెవికి వినబడినట్టు ‘ఓల్ కొరెక్ట్’ అని రాస్తే ఎలా ఉంటుందో ఊహించి, ఆ తప్పు రూపం నుంచి పొడి అక్షరాలు తీశారన్నమాట.

దీనిని ఒక్క సంపాదకుడి చమత్కారంగా చూస్తే సగమే అర్థమవుతుంది. 1838 వేసవి నుంచి బోస్టన్ పత్రికలలో పొడి అక్షరాల వ్యామోహం పెరిగింది. పనికిరానిదని చెప్పడానికి ‘ఎన్.జి.’, అంటే ‘నో గో’. అప్పులు ఎగ్గొట్టి పారిపోయినవాడికి ‘జి.టి.’, అంటే ‘గాన్ టు టెక్సాస్’. కొద్ది నెలలకే ఈ సరదా ఒక మెట్టు ఎక్కి, తప్పు వర్ణక్రమం నుంచి పొడి అక్షరాలు తీయడం మొదలైంది. ‘ఆల్ రైట్’ను ‘ఏ.ఆర్.’ అనకుండా ‘ఓ.డబ్ల్యు.’ అన్నారు. ‘నో యూజ్’ను ‘కె.వై.’ అన్నారు. అందులో ‘లేదు’ అనే అర్థమున్న ‘నో’ను ‘తెలుసు’ అనే అర్థమున్న ‘నో’ వర్ణక్రమంతో రాయడం చమత్కారం. ఈ వరుసలో పెట్టి చూసినప్పుడు ‘ఓ.కె.’ వింతగా అనిపించదు. అన్నదమ్ములున్న ఇంట పుట్టిన మాట అది. ఆ ఏడాది ముగిసేలోగా న్యూయార్క్, ఫిలడెల్ఫియా పత్రికలలో కూడా అది కనబడింది.

ఈ సాక్ష్యాన్నంతా పాత పత్రికల నుంచి ఏరి పేర్చినవాడు కొలంబియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఆలెన్ వాకర్ రీడ్. 1963, 1964 సంవత్సరాలలో ‘అమెరికన్ స్పీచ్’ పత్రికలో ఆయన ప్రకటించిన వ్యాసపరంపరతో చర్చ ఒక కొలిక్కి వచ్చింది. కంప్యూటర్ వెతుకులాట లేని కాలంలో, చిన్న అక్షరాలతో కిక్కిరిసిన పాత పత్రికల పుటలను తిరగేస్తూ ఒక హాస్య సంకేతం జాడను ఊరూరా, తేదీ తరువాత తేదీగా పట్టుకోవడం ఎంతటి ఓర్పుతో కూడిన పనో ఈ వృత్తిలో ఉన్నవారికి తెలుస్తుంది. ఆయన పేరు సామాన్య పాఠకులకు తెలియకపోవడం నాకు బాధ కలిగించే విషయం.

అపోహ: ‘ఓల్డ్ కిండర్‌హుక్’ అనే మారుపేరు నుంచే ‘ఓకే’ వచ్చింది.

వాస్తవం: ఇది మూలం కాదు, కానీ ఇది లేకపోతే ఈ రోజు మనకు ఈ మాట మిగిలేది కాదు. జాక్సన్ తరువాత అధ్యక్షుడైన మార్టిన్ వాన్ బ్యూరెన్ న్యూయార్క్ రాష్ట్రంలోని కిండర్‌హుక్ అనే ఊరిలో పుట్టాడు. 1840లో ఆయన రెండవసారి పోటీ చేసినప్పుడు న్యూయార్క్‌లోని డెమోక్రటిక్ పార్టీ మద్దతుదారులు ‘ఓ.కె. క్లబ్’ స్థాపించారు. నాయకుడి మారుపేరు, ‘అంతా సవ్యం’ అనే వాడుక అర్థం రెండూ ఒకే సంకేతంలో ఒదగడం వారికి కలిసివచ్చింది. ప్రత్యర్థులైన విగ్ పార్టీవారు ఊరుకోలేదు. ‘అవుట్ ఆఫ్ క్యాష్, అవుట్ ఆఫ్ క్రెడిట్’ అంటూ ఆ అక్షరాలకు కొత్త అర్థాలు కట్టారు. జాక్సన్ కథ పుట్టింది కూడా ఈ రగడలోనే. ఎన్నికలలో వాన్ బ్యూరెన్ 60 ఎలక్టోరల్ ఓట్లకు పరిమితమయ్యాడు, విలియం హెన్రీ హారిసన్ 234 సాధించాడు. నాయకుడు ఓడినా నినాదం మాత్రం దేశమంతటికీ తెలిసిపోయింది. తోబుట్టువులైన ‘ఓ.డబ్ల్యు.’, ‘కె.వై.’ వంటివన్నీ మాసిపోగా ఇది ఒక్కటే నిలవడానికి ఆ ఎన్నికల హడావిడే ప్రధాన కారణమని రీడ్ నిరూపించాడు. 1941లో ఆయనే ‘కిండర్‌హుక్’ వాదాన్ని వెలుగులోకి తెచ్చాడు, తరువాత అంతకన్నా పాత ప్రయోగాలను చూపి దాని స్థానాన్ని ఆయనే సవరించాడు.

అపోహ: ‘ఓకే’ చొక్టా భాష నుంచో పశ్చిమాఫ్రికా భాషల నుంచో వచ్చింది.

వాస్తవం: ఈ రెండు వాదాలనూ బిస్కెట్ల కథతో కలిపి కొట్టిపారేయకూడదు, ఎందుకంటే ఇవి నిజమైన భాషా సామగ్రి మీద ఆధారపడ్డాయి. అమెరికా ఆదివాసులైన చొక్టా ప్రజల భాషలో ‘అది అంతే’ అని నొక్కి చెప్పడానికి వాక్యం చివర ‘ఓకె’ వంటి శబ్దం చేరుతుంది. అధ్యక్షుడు వుడ్రో విల్సన్ ఈ వాదాన్ని నమ్మి, కాగితాలను ఆమోదించేటప్పుడు చివర ‘హెచ్’ చేర్చిన వర్ణక్రమంతో రాసేవాడు. 1918లో మొదలైన ‘ఓకే’ గ్రామఫోన్ రికార్డుల సంస్థ పేరులోనూ ఆ ‘హెచ్’ కనబడుతుంది కానీ, అది స్థాపకుడు ఆటో హైనెమన్ పేరులోని పొడి అక్షరాల నుంచి వచ్చినది. పశ్చిమాఫ్రికాలోని వోలోఫ్ భాషలో ‘వావ్ కే’ అంటే ‘అవును, నిశ్చయంగా’ అని అర్థం.

బానిసలుగా తెచ్చినవారి మాటలను ఆనాడు కాగితం మీద పెట్టినవారు చాలా తక్కువ కాబట్టి, రాతలో కనబడలేదు కనుక వాడుకలో లేదని అనడానికి వీలు లేదు. ఆ న్యాయాన్ని నేను పూర్తిగా అంగీకరిస్తాను. అయినా ఈ వాదాలు నిలవకపోవడానికి కారణం వేరే ఉంది. 1839, 1840 నాటి పత్రికలు ఈ మాటను మళ్లీ మళ్లీ పొడి అక్షరాలుగానే రాశాయి, మళ్లీ మళ్లీ ‘ఆల్ కరెక్ట్’ అనే విప్పి చెప్పాయి. మరొక భాష నుంచి విన్న మాట అని వాటిలో ఒక్కటీ సూచించలేదు. శబ్దమూ అర్థమూ కలవడం పరిశోధనకు ఆరంభమే. ఆ భాష నుంచి ఈ భాషలోకి దారి చూపే పత్రాలు దొరికినప్పుడే అది వ్యుత్పత్తి అవుతుంది.

గ్రీకు ‘ఓలా కలా’, ఫిన్నిష్ ‘ఓయికేయా’, స్కాట్లాండ్ వారి ‘ఓహ్ ఐ’ మొదలైనవాటికి ఆ దారి ఛాయ కూడా లేదు.

అపోహ: ‘ఓకే’ అంటే ‘బాగుంది’ అనే అర్థం, మూలార్థం అదే కనుక సరైన అర్థమూ అదే.

వాస్తవం: మూలార్థం ‘అన్నీ సవ్యంగా ఉన్నాయి’ అని. దాని నుంచి కాగితాలపై ఆమోద ముద్రగా, అక్కడి నుంచి ఒప్పుకోలుగా, ఆ తరువాత ‘ఆమోదించు’ అనే క్రియగా, ‘అనుమతి’ అనే నామవాచకంగా వాడుక విస్తరించింది. ఈ రోజు సినిమా ‘ఓకే’ అంటే అంతంతమాత్రంగా ఉన్నదని అర్థం, ప్రమాదంలో చిక్కుకున్న మనిషి ‘ఓకే’ అంటే క్షేమమని అర్థం. ఉపన్యాసకుడు ఒక అంశం ముగించి ‘ఓకే’ అని తరువాతి దానికి వెళ్లినప్పుడు ఆ మాట దేనినీ మెచ్చుకోదు, ఆమోదించదు, ఒక అంశం ముగిసిందని గుర్తు పెడుతుందంతే. ప్రశ్నగా పలికితే సమ్మతి కోరడం, సాగదీసి పలికితే సందేహం. మూలార్థాన్ని పట్టుకుని వీటిలో ఏదో ఒకటి తప్పని తీర్పు చెప్పే అధికారం వ్యుత్పత్తికి లేదు. మాట ఎక్కడ నుంచి వచ్చిందో అది చెబుతుంది, ఇప్పుడు దాని అర్థమేమిటో వాడుకే చెబుతుంది.

అపోహ: ఇంగ్లీషులో నాలుగక్షరాల రూపమే అసలైనది, రెండక్షరాలది దాని సంక్షిప్త రూపం.

వాస్తవం: చరిత్ర దీనికి సరిగ్గా వ్యతిరేకం. రెండక్షరాలే మొదటివి, ఉచ్చారణను బట్టి నాలుగక్షరాలుగా విస్తరించడం చాలా తరువాత జరిగింది. నేడు రెండూ ఒప్పే, ఒక రచనలో ఏదో ఒకదానికి కట్టుబడితే చాలు.

1839 మార్చి 23 కన్నా పాత ప్రయోగం తమకు దొరికిందని ఎవరైనా అంటే నేను సంతోషంగా చూస్తాను, ఎందుకంటే డిజిటల్ రూపంలోకి మారని పాత పత్రికలు ఇంకా ఎన్నో ఉన్నాయి. అయితే కత్తిరించిన ముక్క చాలదు. పత్రిక పేరు, తేదీ కనబడేలా పుట మొత్తం ఉండాలి. ఆ అక్షరాలు ఎవరి పేరులోని పొడి అక్షరాలో కాదని వాక్యం వల్ల తెలియాలి. యంత్రం చదివిన పాఠాన్ని నమ్మకుండా అచ్చు పుట బొమ్మనే చూడాలి, ఎందుకంటే అరిగిన ‘ఆర్’ను యంత్రం కూడా ‘కె’ అని పొరబడగలదు.