మే నెలలో ఆకున్న చెట్టేది? చెట్లు, వేడి గురించి కొన్ని అపోహలు - వాస్తవాలు

జూన్ చివరికి మా నర్సరీ ముందు ట్రక్ ఆటోలు బారులు తీరతాయి. వనమహోత్సవం సీజన్ కదా. బెజవాడ అపార్ట్‌మెంట్ల వాళ్లు, గుంటూరు వైపు రైతులు, స్కూళ్ల వాళ్లు ఎవరొచ్చినా ఒకటే మాట: “తొందరగా పెరిగేవి ఇవ్వండి.” ఎన్ని నాటారని అడిగేవాళ్లే గానీ ఏవి నాటారని అడిగేవాళ్లు తక్కువ.

అపోహ: ఏ చెట్టయినా ఒకటే, పచ్చగా ఉంటే చాలు, వేడి తగ్గుతుంది.

వాస్తవం: యూరప్ కథ వినండి. 1750 నుంచి అక్కడ అడవుల విస్తీర్ణం దాదాపు 10 శాతం పెరిగింది. అయినా ఆ అడవుల వల్ల వేడి తగ్గలేదని, పైగా కాస్త పెరిగిందని 2016లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన అధ్యయనం తేల్చింది. ఓక్, బీచ్ లాంటి వెడల్పాటి ఆకుల చెట్లున్న చోట పైన్, స్ప్రూస్ పెంచారు. తొందరగా ఎదుగుతాయి, కలపకు గిరాకీ ఉంటుంది. కానీ ఆ సూదాకుల చెట్లు ముదురు రంగులో ఉండి ఎండను ఎక్కువ పీల్చుకుంటాయి, నీటిని తక్కువగా ఆవిరి చేస్తాయి. దానికితోడు నరికిన కలపలోని కార్బన్, వేడిని పట్టి ఉంచే కార్బన్ డయాక్సైడ్‌గా గాల్లో కలిసింది.

ఆ లెక్కను ఉన్నదున్నట్టు మనకు అంటించకూడదు. ఉష్ణమండలంలో అడవి మొత్తం మీద చల్లదనమే ఇస్తుంది. అయితే ఏ చెట్టన్న ప్రశ్న మనకూ ఉంది. పటమట వైపు ఒక అపార్ట్‌మెంట్ వాళ్లు పార్కింగ్ పక్కన టేకే కావాలని పట్టుబట్టారు. పాతికేళ్లకు లక్షలొస్తాయని వాళ్ల ఆశ. నేనూ గట్టిగా కాదనలేదు, అది నా తప్పే. టేకు ఎండాకాలంలో ఆకు రాల్చి తొలకరి దాకా బోడిగా నిలబడుతుంది. బ్లేజ్‌వాడ అని పేరు పడ్డ ఊళ్లో, మే నెల మధ్యాహ్నం, కార్ల మీద కర్రల నీడ! వేప అలా కాదు. ఉగాదికి చిగురు, పూత వేసి మే నాటికి నిండుగా ఉంటుంది. కానుగ కూడా ఆకు రాల్చినా వెంటనే చిగురిస్తుంది. నిద్రగన్నేరు గొడుగంత నీడ ఇస్తుంది గానీ గాలివానకు కొమ్మలు విరుగుతాయి, కరెంటు తీగల కింద వద్దు.

అపోహ: రావి చెట్టు రాత్రంతా ఆక్సిజన్ ఇస్తుంది.

వాస్తవం: వెలుతురు లేకుండా ఏ చెట్టూ ఇవ్వదు. రావిని పూజించడానికి వేరే కారణాలు బోలెడున్నాయి, ఇది మాత్రం కాదు.

అపోహ: చెట్టు అంటే ఉచిత ఏసీ.

వాస్తవం: సగం నిజం. ఆకుల నుంచి వంద లీటర్ల నీరు ఆవిరైతే దాదాపు 67 యూనిట్ల కరెంటుకు సమానమైన వేడిని లాక్కుంటుంది. కానీ వేళ్లకు నీరందకపోతే ఆకు తన రంధ్రాలు మూసేసుకుంటుంది, ఏసీ ఆఫ్. మనవాళ్లేమో మొదలు చుట్టూ జానెడు మట్టి కూడా వదలకుండా సిమెంటు పోస్తారు. ఉక్కపోత రోజుల్లో ఆవిరి కావడమూ తక్కువే. అందుకే మన ఊళ్లకు నీడే అసలు లాభం.

అపోహ: తొందరగా పెరిగేది ఎక్కువ కార్బన్ దాస్తుంది.

వాస్తవం: పీల్చడం వేరు, దాచడం వేరు. ఎండిన కలప బరువులో దాదాపు సగం కార్బనే. అంటే టన్ను ఎండు కలపలో సుమారు 1.8 టన్నుల కార్బన్ డయాక్సైడ్ ఒదిగి ఉంటుంది. గుంటూరు, ప్రకాశం వైపు వేసే సుబాబుల్, జామాయిల్ దాన్ని చకచకా పోగేస్తాయి, నిజమే. నాలుగేళ్లకు కోత, అక్కడి నుంచి పేపర్ మిల్లు. కాగితం చిత్తయి కాలినా కుళ్లినా ఆ కార్బన్ మళ్లీ గాల్లోకే. రైతును తప్పు పట్టను, మొదళ్ల నుంచి మళ్లీ పిలకలొచ్చి నాలుగు డబ్బులు చేతికొస్తాయి. కానీ దాన్ని అడవి అని లెక్క రాస్తే మాత్రం ఒప్పుకోను. మీ షోకేసులోని కొండపల్లి బొమ్మ తెల్లపొణికి కర్రది. అది ఎన్నేళ్లు అలా కూర్చుంటే అన్నేళ్లూ అందులోని కార్బన్ భద్రం. ఆ పొణికే ఇప్పుడు దొరకడం కష్టమై బొమ్మలు చేసేవాళ్లు ఇబ్బంది పడుతున్నారు.

అపోహ: అడవి అంటే కొండల మీదిదే.

వాస్తవం: హంసలదీవి వైపు, కృష్ణమ్మ సముద్రంలో కలిసేచోట మడ అడవులున్నాయి. చూడ్డానికి పొట్టి చెట్లు, బురద. ఆ బురదే ఖజానా. అందులో గాలి ఆడదు కాబట్టి రాలిన ఆకు, చచ్చిన వేరు తొందరగా కుళ్లవు, కార్బన్ అలాగే పేరుకుంటుంది. దాన్ని రొయ్యల చెరువుల కోసం తవ్వితే ఎన్నో ఏళ్ల నిల్వ గాల్లోకి పోతుంది. గట్టు మీద కొబ్బరి మొక్కలు పెట్టినంత మాత్రాన ఆ నష్టం పూడదు.

ఈసారి మొక్కల కోసం వచ్చేముందు మీ ఇంటికి పడమటి ఎండ ఎక్కడ పడుతుందో ఒకసారి చూసి రండి. మధ్యాహ్నం మూడింటికి కాలే గోడ అదే. వేప ఉంది, కానుగ ఉంది. టేకు కూడా ఉంది, పొలం గట్టుకైతే ఇస్తాను.