మ్యూజియం వస్తువుల్లో ఆస్‌బెస్టాస్: అపోహలు – వాస్తవాలు

అపోహ: ఆస్‌బెస్టాస్ ఇంటికప్పు రేకుల్లోనే ఉంటుంది; మ్యూజియం వస్తువులతో దానికి సంబంధం లేదు.

వాస్తవం: ఆస్‌బెస్టాస్ అంటే, పీలిస్తే ఊపిరితిత్తులకు హాని చేసే సన్నని పోగులుగా విడిపోయే ఖనిజం. ఇరవయ్యో శతాబ్దపు వస్తువులను సేకరించిన ఏ మ్యూజియంలోనైనా అది ఉండే అవకాశం ఉంది. పాత ఇస్త్రీపెట్టెలు, హెయిర్ డ్రయర్లు, ఆవిరి ఇంజన్ల గొట్టాలకు వేడి పోకుండా చుట్టిన పొరలు, నాటకశాలల అగ్నినిరోధక తెరలు, ప్రయోగశాలల్లో బీకరు కింద పెట్టే తీగవలలు ఈ కోవలోకే వస్తాయి. భూగర్భశాస్త్ర మ్యూజియాల్లో అది ఖనిజ నమూనాగానే ఉంటుంది. మన కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో దొరికే క్రిసోటైల్, అంటే తెల్ల ఆస్‌బెస్టాస్, అలాంటిదే.

అపోహ: వస్తువు పైకి చెక్కుచెదరకుండా ఉంటే భయం లేదు.

వాస్తవం: ఈ విషయంలో నేను మొదట హెచ్చరించేది రెండో ప్రపంచ యుద్ధకాలపు బ్రిటిష్ గ్యాస్ మాస్కుల గురించే. అక్కడి పౌరులకు కోట్ల సంఖ్యలో పంచిన ఆ మాస్కుల రబ్బరు, పట్టీలు నేటికీ బాగున్నట్టు కనిపించినా, ముక్కు ముందరి రేకు డబ్బాలో ఉండే వడపోత పొర కాలక్రమాన శిథిలమై, మాస్కును కదిపినప్పుడు సన్నని పోగులను వదలగలదు; దాన్ని తొడుక్కుని గాలి పీల్చిన మనిషికి అవి నేరుగా ఊపిరితిత్తుల్లోకి చేరతాయి. చరిత్ర పాఠంలో పిల్లలకు ఈ మాస్కులు తొడిగించవద్దని 2014లో బ్రిటన్ ఆరోగ్య, భద్రతా సంస్థ పాఠశాలలకు సూచించింది. ఏ మాస్కులో ఆస్‌బెస్టాస్ ఉందో కంటితో చూసి చెప్పలేం కనుక, పరీక్షలో లేదని తేలేదాకా ప్రతి మాస్కులోనూ ఉన్నట్టే భావించాలి.

అపోహ: సర్జికల్ మాస్కు పెట్టుకుని, మెత్తని బ్రష్షుతో దుమ్ము దులిపితే సరిపోతుంది.

వాస్తవం: దుమ్ము కనబడితే మ్యూజియం వస్తువులను చూసుకునే మా చేయి అలవాటుగా బ్రష్షు మీదికే పోతుంది. ఇక్కడ హాని చేసేది ఆ అలవాటే. పొడిగా దులిపితే లేచిన పోగులు గంటల తరబడి గాలిలో తేలుతూనే ఉంటాయి. సర్జికల్ మాస్కు వాటిని ఆపలేదు, మామూలు వాక్యూమ్ క్లీనరైతే లోపలికి లాగిన సన్నని పోగులను మళ్లీ గదిలోకే వదులుతుంది. ముఖానికి సరిగ్గా అమరుతుందో లేదో పరీక్షించిన ఎఫ్‌ఎఫ్‌పీ3 మాస్కు (సన్నని కణాలనూ ఆపే రకం), హెచ్-క్లాస్ వాక్యూమ్ (ప్రమాదకరమైన దుమ్మును బయటికి వదలని రకం), ఒళ్లంతా కప్పే, వాడి పారేసే కవరాల్‌తో శిక్షణ పొందినవారే ఆ పని చేయాలి. పెట్టె తెరవగానే పొడి కనిపిస్తే మూత నెమ్మదిగా వేసి, అందరినీ బయటికి పంపి, గది మూసేసి బాధ్యులకు చెప్పడమే మిగతావారి పని. వస్తువును రెండు పాలిథిన్ సంచుల్లో భద్రపరిచేటప్పుడు కూడా సంచిని నొక్కి గాలి తీయకూడదు, ఎందుకంటే ఆ గాలితోపాటే పోగులూ బయటికి వస్తాయి.

అపోహ: ఆస్‌బెస్టాస్‌లో నీలం, గోధుమ రకాలే ప్రమాదకరం, తెల్లది ఏమీ చేయదు.

వాస్తవం: అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అన్ని రకాలనూ క్యాన్సర్ కారకాలుగానే వర్గీకరించింది.

అపోహ: ఇన్నేళ్లుగా ముట్టుకుంటున్నాం, ఎవరికీ ఏమీ కాలేదు.

వాస్తవం: మెసోథెలియోమా (ఎక్కువగా ఊపిరితిత్తుల పైపొరకు వచ్చే క్యాన్సర్) వంటి జబ్బులు పోగులు పీల్చిన ఎన్నో దశాబ్దాలకు గాని బయటపడవు. ఈ రోజు ఆరోగ్యంగా ఉండటం దేనికీ రుజువు కాదు.

అపోహ: ఉందని తెలిస్తే వస్తువును పారేయవలసిందే.

వాస్తవం: అవసరం లేదు, తొందరపడి పారేయడం చరిత్రకు అన్యాయం కూడా. గాలి చొరని పెట్టెలో ఉంచి, పైన హెచ్చరిక చీటీ అతికించి, రిజిస్టరులో వస్తువు పేరు పక్కనే ఆస్‌బెస్టాస్ ఎక్కడ, ఏ స్థితిలో ఉందో రాసిపెడితే దాన్ని భద్రపరచవచ్చు, అద్దం వెనక ప్రదర్శించవచ్చు కూడా. వస్తువును వేరే మ్యూజియంకు పంపే ఆలోచన వచ్చినప్పుడు మాత్రం, ఆస్‌బెస్టాస్ ఉన్నవాటి బదిలీకి వర్తించే చట్టాన్ని ముందుగా చూసుకోవాలి.