ఊపిరి బిగబట్టొద్దు

స్కూబా డైవింగ్ నేర్చుకుందామని వెళితే మొదట చేతికిచ్చేది సిలిండరూ కాదు, మాస్కూ కాదు, ఓ కాగితం. ఆరోగ్యం గురించి పది ప్రశ్నలుంటాయి. ఆగకుండా 200 మీటర్లు ఈదగలరా, 1.6 కిలోమీటర్లు 14 నిమిషాల్లో నడవగలరా అన్నది ఒకటి. వయసు 45 దాటిందా అన్నది ఇంకొకటి. దాటిందని టిక్కు పెట్టగానే ఆ కాగితానికి అనుమానాలు మొదలవుతాయి. సిగరెట్లు తాగుతారా? కొలెస్ట్రాల్ ఎక్కువా? బీపీ ఉందా? దగ్గరి రక్తసంబంధీకుల్లో ఎవరికైనా 50 లోపే గుండెజబ్బు వచ్చిందా? ఒక్కదానికి ఔనన్నా డాక్టరు పరీక్షించి సంతకం పెట్టాల్సిందే. నేర్చుకోడానికి మామూలుగా కనీస వయసు 10 ఏళ్లు. ఇంతకు మించకూడదన్న హద్దు మాత్రం లేదు.

జర్మన్ సినిమా దర్శకురాలు లెనీ రీఫెన్‌స్టాల్ డెబ్బై దాటాక ఈ విద్య నేర్చుకుంది. వయసు ఇరవై ఏళ్లు తగ్గించి చెప్పి మరీ సర్టిఫికెట్ సంపాదించింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి సముద్రం అడుగున కెమెరా పట్టుకు తిరిగింది. (హిట్లర్ కోసం ఆవిడ తీసిన ప్రచార చిత్రాలు వేరే కథ, అందులో మెచ్చుకోవాల్సిందేమీ లేదు.) ఆ అబద్ధాన్ని చాలామంది ముచ్చటగా చెప్పుకుంటారు. నాకైతే ముచ్చటేం అనిపించదు. 45 అన్న అంకె ఊరికే పెట్టింది కాదు. అది గుండె కోసం పెట్టింది.

మెడదాకా నీళ్లలో దిగి నిలబడితే చాలు, గుండెకు పని మారిపోతుంది. గట్టు మీద ఉన్నప్పుడు కొంత రక్తం కాళ్లలోకి దిగి ఉంటుంది. నీళ్లు చుట్టూ నొక్కగానే అదంతా, అర లీటరుకు పైమాటే, ఛాతీలోకి చేరుతుంది. గుండె గదులు సాగుతాయి. ఒంట్లో నీరెక్కువైందని శరీరం పొరబడి, బయటికి పంపెయ్యమని కిడ్నీలకు కబురు పెడుతుంది. నీళ్లలో దిగిన కాసేపటికే డైవర్లకు ఒంటేలు ఎందుకొస్తుందంటే ఇందుకే. వెట్‌సూట్‌లో (డైవర్లు ఒంటికి బిగుతుగా తొడుక్కునే రబ్బరు దుస్తుల్లో) ఆ పని చేసేవాళ్లు, చేశామని ఒప్పుకోనివాళ్లు అని డైవర్లు రెండే రకాలట.

కుర్ర గుండె ఈ అదనపు రక్తానికి చోటిచ్చి సర్దుకుపోతుంది. ఏళ్ల తరబడి బీపీతో గోడలు మందమెక్కిన గుండె అంత తేలిగ్గా సాగదు. రక్తం వెనక్కి నిలిచి ఊపిరితిత్తుల్లో ఒత్తిడి పెరుగుతుంది. సన్నటి రక్తనాళాల్లోంచి ద్రవం గాలి గదుల్లోకి ఊరుతుంది. సముద్రపు నీళ్లు ఒక్క చుక్క మింగకపోయినా మనిషి తన ఒంట్లోని నీటితోనే ఉక్కిరిబిక్కిరవుతాడు. దీనికి పెద్ద లోతు కూడా అక్కర్లేదు. ఏమీ కష్టపడకుండానే ఆయాసం, ఆగని దగ్గు, నురగ కనిపిస్తే ఆ రోజుకి డైవింగ్ అయిపోయినట్టే, వెంటనే పైకి వచ్చి చూపించుకోవాలి.

ఇంకో చిక్కు ఉంది. మొహానికి చల్లనీళ్లు తగిలితే గుండె నెమ్మదించాలన్నది శరీరానికి పుట్టుకతో వచ్చిన అలవాటు. టెన్షన్ పడితేనేమో అదే గుండె పరిగెత్తాలి. మొదటి డైవ్‌లో రెండు ఆజ్ఞలూ ఒకేసారి అందుతాయి. లోపమేదైనా దాగి ఉన్న గుండె అప్పుడు లయ తప్పవచ్చు. పెద్ద వయసు డైవర్ల మరణాల్లో గుండె సంబంధమైనవి బాగా కనిపించడానికి ఇవన్నీ కారణాలే. అంచేత ఆ కాగితం మీద అబద్ధం రాస్తే మోసపోయేది డైవింగ్ స్కూలు కాదు.

డాక్టరు సరేనన్నాక మిగిలినదంతా చాలావరకు ఊపిరి వ్యవహారమే. ఇక్కడ వయసు కంటే పాత అలవాట్లతోనే పేచీ.

నేను యాభై దాటాక నేర్చుకున్నాను. రెండు మీటర్ల లోతున్న కొలనులో మాస్క్‌లోకి నీళ్లు రానిచ్చి, ముక్కుతో గాలి వదిలి వాటిని బయటికి నెట్టే పాఠం. నీళ్లు ముక్కులోకి ఎక్కాయి. ఊపిరి బిగబట్టి ఒక్క ఉదుటున పైకి లేవబోయాను. మా ఇన్‌స్ట్రక్టర్, పాతికేళ్ల కుర్రాడు, నా జాకెట్ పట్టుకుని ఆపేశాడు. పైకొచ్చాక కోపం తెచ్చుకుందామనుకునే లోపే అన్నాడు: "సార్, నీళ్లు తాగినా పర్లేదు. ఊపిరి మాత్రం బిగబట్టొద్దు."

చిన్నప్పుడు ఈత నేర్చుకున్న ప్రతివాడూ మునిగే ముందు ఊపిరి బిగబడతాడు. స్కూబాలో ప్రాణం తీసేది ఆ అలవాటే. రాబర్ట్ బాయిల్ 1662లో చెప్పిన సూత్రం బడిలో చదువుకున్నదే: పీడనం రెట్టింపైతే గాలి సగానికి కుంచించుకుంటుంది. నీటి పైన ఉండేది ఒక వాతావరణ పీడనం, సముద్రంలో ప్రతి 10 మీటర్లకూ ఇంకొకటి చొప్పున పెరుగుతుంది. 10 మీటర్ల దగ్గర నిండుగా పీల్చిన 6 లీటర్ల గాలిని బిగబట్టి పైకి వస్తే అది 12 లీటర్లు కావాలని చూస్తుంది. ఛాతీలో అంత చోటెక్కడిది? ఊపిరితిత్తి చిరిగి గాలి రక్తంలో కలిస్తే బుడగ నేరుగా మెదడుకు వెళ్లొచ్చు. పైగా ఈ ప్రమాదం లోతులో కంటే పైనే ఎక్కువ. 30 మీటర్ల నుంచి 20కి వస్తే గాలి మూడో వంతే పెరుగుతుంది, 10 నుంచి పైకి వస్తే రెట్టింపవుతుంది. నిండు ఊపిరితో ఉంటే మీటరు పైచిలుకు నీళ్లు కూడా చాలు. నన్ను పట్టుకున్నది రెండు మీటర్ల దగ్గర.

అన్నట్టు ఆ సిలిండర్‌లో ఉండేది ఆక్సిజన్ కాదు, మనం పీల్చే మామూలు గాలే. పీడనం పెరిగితే ఆక్సిజన్ విషంలా పనిచేసి మూర్ఛ తెప్పిస్తుందని ఫ్రాన్స్‌లో పాల్ బేర్ 1878 నాటికే చూపించాడు. తెలివంతా నోట్లో పెట్టుకునే రెగ్యులేటర్‌లో ఉంది. చుట్టూ నీటి పీడనం ఎంతుంటే సరిగ్గా అంత పీడనంతో, పీల్చినప్పుడే గాలినిస్తుంది. 1943లో జాక్ కుస్తో, ఎమిల్ గాన్యా కలిసి దీన్ని తయారుచేశారు. దీనికి మూలం యుద్ధకాలంలో పెట్రోలు కరువై కార్లను గ్యాస్‌తో నడపడం కోసం గాన్యా చేసిన వాల్వు.

12 లీటర్ల సిలిండర్‌లో 200 బార్ల (బార్ అంటే సుమారు ఒక వాతావరణ పీడనం) దాకా నింపితే 2,400 లీటర్ల గాలి పడుతుంది. ఆ గాలి బరువే దాదాపు 3 కిలోలు. నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషికి గట్టు మీద రెండు గంటలు వస్తుంది, పీడనం మూడింతలుండే 20 మీటర్ల లోతులో 40 నిమిషాలే. కంగారుగా రొప్పితే అందులో సగమూ రాదు. గుక్కగుక్కకీ పైపైన పీల్చేవాడి ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది. అది ఇంకా పీల్చమని తొందర పెడుతుంది, కంగారు ఇంకాస్త పెరుగుతుంది. నీళ్లలో పైకీ కిందికీ కదలడమూ ఊపిరితోనే. ఒక లీటరు ఎక్కువ పీలిస్తే సుమారు ఒక కిలో తేలిక. కానీ ఫలితం పీల్చగానే కనిపించదు, కాస్త ఆగాక ఒళ్లు లేస్తుంది. ఆ కాస్త ఆగలేకే కొత్తవాళ్లు ఇంకో గుక్క పీల్చి బెలూన్‌లా పైకి తేలిపోతారు. ఈ ఆగడం మాత్రం కుర్రాళ్ల కంటే మాలాంటి వాళ్లకే తొందరగా వచ్చిందని నా అనుమానం. రుజువేమీ లేదు.

చెవుల గురించి ఒక్కమాట. ముక్కు మూసి మెల్లగా ఊది చెవుల్లో ఒత్తిడి సరిచేసుకోవడం నొప్పి పుట్టక ముందే మొదలుపెట్టాలి. ఆలస్యమైతే గొంతుకూ చెవికీ మధ్యనున్న నాళం నొక్కుకుపోయి ఎంత ఊదినా తెరుచుకోదు. అప్పుడు ఒక మీటరు పైకి రావడమొక్కటే దారి. జలుబుంటే దిగకూడదు.

పైకి రావడానికీ పద్ధతుంది. పీడనంలో పీల్చిన నత్రజని రక్తంలో, కొవ్వులో కరిగి ఉంటుంది. గబుక్కున పైకి వస్తే మూత తీసిన సోడాలా బుడగలు కడుతుంది. జాన్ స్కాట్ హాల్డేన్ బృందం మేకలను పీడనపు గదుల్లో ఉంచి ఈ లెక్కలు తేల్చి 1908లో పట్టికలు ప్రచురించింది. కీళ్లలో నొప్పి పుట్టిన మేక ముందుకాలు ఎత్తిపట్టుకునేది, అదే వాళ్లకు గుర్తు. ఇప్పుడు ఆ లెక్క మణికట్టు మీది కంప్యూటర్ చూసుకుంటుంది. నిమిషానికి 9 మీటర్లకు మించకుండా పైకి రావాలి. 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగాలి.

ఆ అంకెలు చదవడమే నాకు మొదటి డైవ్‌లో అన్నిటికంటే పెద్ద పరీక్ష అయింది. మాస్క్ అద్దం వెనక నుంచి చూస్తే నీళ్లలో వస్తువులు మూడో వంతు పెద్దగా, పావు వంతు దగ్గరగా కనిపిస్తాయి. పెద్దగా కనిపించడం బాగానే ఉంది గానీ, చత్వారం వచ్చిన కంటికి దగ్గరగా రావడమే కదా గొడవ. చెయ్యి చాపి, తల వెనక్కి వంచి, పేపరు చదివే తాతలా చూశాను. తర్వాత మాస్క్ లోపల కింది వైపు చిన్న ప్లస్ లెన్స్‌లు అతికించుకున్నాను. ఇప్పుడు 5 మీటర్ల దగ్గర ఆగితే అంకెలు స్పష్టంగా కనిపిస్తాయి. పీలిస్తే 4.7, వదిలితే 5.2, మళ్లీ పీలిస్తే 4.7. పక్కన సెకన్లు తగ్గుతుంటాయి.