ఫ్లయిట్ ఇన్‌స్ట్రక్టర్‌కు జీతం ఎందుకు? అపోహలు - వాస్తవాలు

అమెరికాలో విమానం నడపడం నేర్పుతుంటాను. ఇక్కడికి ట్రైనింగ్‌కు రావాలనుకునే మన తెలుగు పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు తరచూ అనే మాటలివి.

అపోహ: ఇన్‌స్ట్రక్టర్‌కు ఎలాగూ గంటలు (విమానం నడిపిన అనుభవం లెక్క) వస్తాయి కదా, మళ్లీ డబ్బులెందుకు?

గంటలు వస్తాయి, నిజమే. నేర్పే సమయాన్ని పైలట్ ఇన్ కమాండ్‌గా, అంటే విమానం బాధ్యత తనదైన పైలట్‌గా, లాగ్‌బుక్‌లో రాసుకోవచ్చని అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ నిబంధనే ఒప్పుకుంటుంది. కానీ లాగ్‌బుక్ చూపిస్తే ఇంటి ఓనరు అద్దె వదిలేయడు. అంతకన్నా పెద్ద చిక్కు, నష్టపోయేది విద్యార్థి కావడం. గంటలే జీతమైతే ఇంజిన్ తిరిగినంతసేపే ఇన్‌స్ట్రక్టర్‌కు లాభం. జీతమిచ్చే స్కూళ్లలోనూ చాలాచోట్ల విమానం ఎంతసేపు నడిచిందో చూపే హాబ్స్ మీటర్ చూసే లెక్క కడతారు. వాన పడితే ఆ రోజు సంపాదన సున్నా.

ల్యాండింగ్‌లో విద్యార్థి చూపు రన్‌వే చివర మీద ఉండాలి. చూపు విమానం ముక్కు ముందే ఆగిపోతే నేల ఎంత దూరంలో ఉందో అంచనా తప్పుతుంది, చక్రాలు తగలగానే విమానం ఎగిరి పడుతుంది. ఇది సరిచేయాల్సింది కింద కూర్చుని, బోర్డు మీద బొమ్మ గీసి. ఆ అరగంటకు పైసా రాదంటే "పద, ఇంకో రౌండ్ కొడదాం" అనడమే తేలిక. ఆ రౌండ్‌కు విమానం అద్దె కట్టేది మాత్రం విద్యార్థే. అందుకే గ్రౌండ్ టైమ్‌కు (కింద కూర్చుని నేర్పే సమయానికి) కూడా జీతం ఇచ్చి తీరాలంటాను. ఫీజులో అది విడిగా కనిపిస్తే బేరమాడకండి.

అపోహ: 1,500 గంటల రూల్ వల్ల మంచి అనుభవమున్న ఇన్‌స్ట్రక్టర్లు దొరుకుతారు.

జరిగేది దీనికి తలకిందులు. సాధారణంగా 250 గంటలకు కమర్షియల్ లైసెన్స్ (డబ్బు తీసుకుని విమానం నడిపే అర్హత) వస్తుంది, ఎయిర్‌లైన్‌లో పైలట్‌గా చేరాలంటే 1,500 కావాలి. కొన్ని డిగ్రీలున్నవాళ్లకు, మిలిటరీ పైలట్లకు కాస్త తగ్గుతుంది. మధ్యలో ఉన్న ఆ గంటలు పోగేసుకోవడానికే ఎక్కువమంది ఇన్‌స్ట్రక్టర్లవుతారు. సరిగ్గా చేయి తిరిగే వేళకు వెళ్లిపోతారు.

2009 ఫిబ్రవరిలో అమెరికాలోని బఫెలో నగరం దగ్గర కోల్గన్ ఎయిర్ అనే సంస్థ విమానం కూలి 50 మంది చనిపోయాక 2010లో చట్టం చేశారు, 2013లో ఈ 1,500 గంటల రూల్ అమల్లోకి వచ్చింది. అయితే ఆ విమానంలో ఇద్దరు పైలట్లకూ 1,500 కన్నా ఎక్కువ గంటలే ఉన్నాయి. స్టాల్ (రెక్కలు విమానాన్ని గాల్లో నిలపలేని స్థితి) హెచ్చరిక రాగానే ముక్కు దించాల్సింది పోయి కెప్టెన్ కంట్రోల్‌ను వెనక్కి లాగాడు. లోపం అంకెలో కన్నా శిక్షణలో ఉందని నా నమ్మకం.

అపోహ: డబ్బు తీసుకుని నేర్పాలంటే ఎయిర్‌లైన్ పైలట్ స్థాయి మెడికల్ (ఆరోగ్య ధ్రువపత్రం) కావాలి.

అక్కర్లేదు. ఆ డబ్బు పాఠానికి, విమానం నడిపినందుకు కాదన్నది ఎఫ్ఏఏ వైఖరి. అన్నిటికన్నా కింది స్థాయి అయిన థర్డ్ క్లాస్ మెడికల్ చాలు.

అపోహ: ఇండియాలోనూ ఇదే పరిస్థితి.

కాదు. అక్కడ 200 గంటల సీపీఎల్ (కమర్షియల్ లైసెన్స్), టైప్ రేటింగ్‌తో (ఒక్కో రకం విమానానికి విడిగా తీసుకునే అర్హతతో) ఎయిర్‌లైన్‌లో కో-పైలట్ కావచ్చు. గంటల కోసం పాఠాలు చెప్పాల్సిన అవసరం లేదు కాబట్టి, ఇన్‌స్ట్రక్టర్‌ను నిలబెట్టుకోవాలంటే జీతమే దారి.

స్కూల్‌లో చేరేముందు రెండు ప్రశ్నలు అడగండి: గ్రౌండ్ టైమ్‌కు ఇన్‌స్ట్రక్టర్‌కు ఎంత ఇస్తారు? ఆయన మధ్యలో ఎయిర్‌లైన్‌కు వెళ్లిపోతే నా ట్రైనింగ్ ఎవరు, ఎక్కడి నుంచి అందుకుంటారు?