మీ అష్టాచెమ్మాకి కరెంటు పెట్టే ముందు

విజయనగరం

చిరంజీవులైన పిల్లలకు తాతయ్య ఆశీస్సులు.

దసరా సెలవుల్లో అష్టాచెమ్మాని బటన్ నొక్కి ఆడే ఆటగా చెయ్యాలనుకున్నారనీ, ఏ సామాను కొనాలో చెప్పమనీ రాశారు. చెబుతాను. అయితే మీరు గీసి పంపిన పథకంలో ఒక మాట సరిచేసుకోవాలి. "1, 2, 3, 4, 8 ఈ అయిదింట్లో ఏదో ఒకటి చిప్పే ఎంచుకుంటుంది" అన్నారు. అలా చేస్తే గీసిన గళ్ళు అష్టాచెమ్మావే గానీ ఆడేది వేరే ఆట అవుతుంది. ఎందుకో లెక్క వేసి చూడండి.

రెండు చింతపిక్కల్ని మధ్యకి పగలగొడితే నాలుగు బద్దలు. ఒక్కో బద్ద తెలుపు పైకి పడొచ్చు, నలుపు పైకి పడొచ్చు. నాలుగూ కలిపి వేస్తే 2×2×2×2, అంటే 16 రకాలుగా పడతాయి. ఆ 16లో ఒక్కటే తెలుపయ్యేవి 4, రెండు తెలుపయ్యేవి 6, మూడు తెలుపయ్యేవి 4. నాలుగూ తెలుపైతే చెమ్మా, అంటే 4, అది ఒక్కటే రకం. నాలుగూ నలుపైతే అష్టా, అంటే 8, అదీ ఒక్కటే. నమ్మకం కుదరకపోతే కాగితం మీద తె, న అని 16 వరసలూ రాసుకోండి, అయిదు నిమిషాల పని.

అంటే చెమ్మాయో అష్టాయో పడాలంటే సగటున 8 వేట్లు పడుతుంది. మనింట్లో ఆ రెండింటిలో ఒకటి పడితే గానీ కాయ దిగదు కదా, ఆటలో ఉసూరుమనిపించేదీ, ఉత్సాహం తెప్పించేదీ అదే. ఇప్పుడు మీ చిప్పు సంగతి చూడండి. అయిదు అంకెలకీ సమాన అవకాశం ఇస్తే అయిదు వేట్లలో రెండు చెమ్మాలో అష్టాలో అవుతాయి. రెండు మూడు వేట్లకే కాయ దిగిపోతుంది. పైగా అవి పడితే మళ్ళీ వెయ్యాలి కాబట్టి ఒకడి చేతిలోంచి వంతు బేగి కదలదు. పిక్కలతో ఒక వేటుకి సగటు 2.5 గళ్ళు, మీ చిప్పుతో 3.6. మళ్ళీ వేసే వేట్లు కూడా కలుపుకుంటే ఒక వంతుకి పిక్కలతో మూడు గళ్ళు కూడా రావు, మీ చిప్పుతో ఆరు వస్తాయి. ఇంటి గడి నుంచి పండే గడికి 24 అడుగులు. చంపుకోవడానికి ఎదుటివాళ్ళ కాయ చేతికందే లోపలే అది పండిపోతుంది.

అందుకని చిప్పు చేత అంకె ఎంచుకోనివ్వకండి. నాలుగు లైట్లు పెట్టండి. ఒక్కో లైటు ఒక్కో బద్ద. ఒక్కో లైటుకీ వెలగాలా వద్దా అని చిప్పు విడివిడిగా తేల్చాలి. వెలిగిన లైటు తెలుపు, ఆరిన లైటు నలుపు. అంకె లెక్కపెట్టడం మీ కళ్ళకే వదిలెయ్యండి.

మీరు గవ్వలతో ఆడేవాళ్ళైతే ఇంకో మెలిక ఉంది. గవ్వ బొమ్మా బొరుసూ లాంటిది కాదు. వీపు గుండ్రంగా, నోరు చదునుగా ఉంటుంది గనక రెండు వైపులా సమానంగా పడుతుందని చెప్పలేం. మీ ఇంట్లో ఉన్న నాలుగు గవ్వల్నే 50 సార్లు చాప మీద వేసి, నోరు పైకి పడినవెన్నో గీతలు పెట్టుకోండి. మొత్తం 200 పడటాలు. అందులో 120 నోరు పైకి పడ్డాయనుకోండి, అంటే నూటికి 60. అప్పుడు చెమ్మా నూటికి 13 సార్లు పడుతుంది, అష్టా రెండు మూడు సార్లే. మీ ప్రోగ్రాములో 50 అని ఉన్నచోట ఆ 60 వేస్తే మీ ఇంటి గవ్వలే పెట్టెలోకి వచ్చినట్టు. చాప మీద వేసినప్పుడూ, గచ్చు మీద వేసినప్పుడూ లెక్క తేడా రావచ్చు, అదీ చూడండి.

ఇక సామాను. ఆర్డుయినో నానో ఒకటి, అంటే మనం రాసిన ప్రోగ్రాము ఎక్కించుకుని నడిపే చిన్న చిప్పు బోర్డు. మీ బడిలో అటల్ టింకరింగ్ ల్యాబ్ ఉంటే సారుని అడగండి, కొనక్కర్లేదు. పసుపు ఎల్ఈడీలు నాలుగు, ఆకుపచ్చది ఒకటి, 220 ఓముల రెసిస్టర్లు అయిదు, 100 ఓములది ఒకటి, నాలుగు కాళ్ళ పుష్ బటన్ ఒకటి, బజర్ ఒకటి, బ్రెడ్‌బోర్డు (సోల్డరింగ్ లేకుండా కాళ్ళూ వైర్లూ గుచ్చే కన్నాల పలక), వైర్లు. రెసిస్టర్ మీద రంగు గీతలు ఎరుపు, ఎరుపు, గోధుమ ఉంటే అది 220. కొట్టులో బజర్ అడిగేటప్పుడు "యాక్టివ్" అని చెప్పండి. పాసివ్‌ది ఇస్తే కరెంటు పెట్టగానే టిక్ మని ఊరుకుంటుంది, పాడైందనుకుంటారు.

పసుపు లైట్ల పొడుగు కాళ్ళు 3, 4, 5, 6 పిన్నులకి, పొట్టి కాళ్ళు ఒక్కో 220 రెసిస్టర్ మీదుగా గ్రౌండుకి (బోర్డు మీద జీఎన్‌డీ అని ఉండే పిన్ను). పసుపు ఎల్ఈడీ సుమారు 2 వోల్టులు తినేస్తుంది, 5లో మిగిలిన 3ని 220తో భాగిస్తే 14 మిల్లీ ఆంపియర్ల లోపే. ఆ చిప్పు ఒక్కో పిన్ను నుంచి 20 వరకు నిశ్చింతగా ఇస్తుంది. రెసిస్టర్ మానేస్తే లైటు బాగా వెలుగుతుంది, తర్వాత లైటో పిన్నో పోతుంది. బజర్ 8వ పిన్నుకి, 100 ఓముల మీదుగా. ఆకుపచ్చ లైటు 7కి. దాని పని తర్వాత చెబుతాను.

బటన్ ఒక కాలు 2వ పిన్నుకి, రెండోది గ్రౌండుకి. ప్రోగ్రాములో ఆ పిన్నుని ఇన్‌పుట్ పులప్ అని పెట్టాలి. అప్పుడు నొక్కనప్పుడు 1, నొక్కితే 0. తలకిందులుగా ఉందని కంగారు పడకండి. నాలుగు కాళ్ళ బటన్‌లో కాళ్ళు రెండేసి చొప్పున లోపలే కలిసి ఉంటాయి. కలిసి ఉన్న రెండింటికే వైర్లు పెడితే ఎప్పుడూ నొక్కినట్టే చూపిస్తుంది. బటన్‌ని బ్రెడ్‌బోర్డు నడిమి గాడి మీద అటూ ఇటూ కూర్చోబెట్టి, ఎదురెదురు మూలల కాళ్ళు వాడితే ఆ గొడవ రాదు.

ప్రోగ్రాము పెద్దదేం కాదు. బటన్ నొక్కి అర సెకను పట్టుకుంటేనే వేటు మొదలవ్వాలి. ఎందుకంటే బటన్ లోపలి రేకు తగిలేటప్పుడు కొన్ని మిల్లీ సెకన్లపాటు ఎగిరెగిరి పడుతుంది, ఒక్క నొక్కుని చిప్పు మూడు నాలుగు నొక్కులుగా చదువుతుంది. అర సెకను నియమంతో ఆ ఇబ్బందీ పోతుంది, చెయ్యి తగిలిందని చెప్పి నచ్చని వేటు చెరిపేసే తొండీ పోతుంది. తర్వాత ఒక సెకను నాలుగు లైట్లూ తోచినట్టు మిణుకుమనాలి. అది అలంకారమే, కానీ అది లేకపోతే గవ్వలు గుప్పిట్లో ఆడించే ముచ్చట ఉండదు. ఆ తర్వాత ఒక్కో లైటుకీ విడిగా రాండమ్ 100 అని అడగాలి. 50 కంటే తక్కువ వస్తే వెలిగించాలి, లేకపోతే ఆర్పాలి. మళ్ళీ నొక్కేదాకా అలాగే ఉంచాలి.

ఇక్కడ చాలామంది ఒక చోట బోర్లా పడతారు. ఆర్డుయినో రాండమ్ నిజంగా తోచినట్టు రాదు. ముందే తీర్చిపెట్టిన పొడుగాటి అంకెల వరసలోంచి ఒక్కొక్కటీ తీసి ఇస్తుంది. స్విచ్చి ఆపి మళ్ళీ వేస్తే వరస మొదటికి వస్తుంది. నాలుగు రోజులు ఆడాక "మొదటి వేటు ఎప్పుడూ రెండే" అని ఎవరో ఒకరు పసిగడతారు, ఇక వాళ్ళతో ఆడలేరు. వరసలో ఎక్కడ నుంచి మొదలెట్టాలో చెప్పడానికి రాండమ్ సీడ్ అని ఉంటుంది. దానికి ఏమీ తగిలించని ఏ0 పిన్ను విలువ ఇవ్వమని అందరూ రాస్తారు. పనిచేస్తుంది గానీ, ఆ విలువ 0 నుంచి 1023 మధ్యే, తరచూ దగ్గర దగ్గర అంకెల్లోనే తిరుగుతుంది. అంతకంటే మంచి దారి, స్విచ్చి వేశాక మొదటిసారి బటన్ నొక్కిన క్షణంలో మైక్రోస్ ఎంత ఉందో చూసి దాన్నే సీడ్‌గా ఇవ్వడం. అది 4 మైక్రో సెకన్లకొకసారి మారే గడియారం. ఎవరి వేలూ రెండుసార్లు ఒకే క్షణంలో నొక్కలేదు.

ఆకుపచ్చ లైటు ఎందుకన్నానంటే, అష్టా పడితే నాలుగు పసుపు లైట్లూ ఆరిపోతాయి. ఆటలో అన్నిటికంటే పెద్ద వేటు పడిందన్నమాట, పెట్టె చూస్తే చచ్చిపోయినట్టుంటుంది! "ఏటి, బ్యాటరీ అయిపోనాదా?" అని తట్టి చూస్తారు, అంతలో ఎవరో మళ్ళీ నొక్కేస్తారు. అందుకని వేటు తేలిందని చెప్పడానికి మధ్యలో ఆకుపచ్చ లైటు నిలకడగా వెలగాలి. చెమ్మాకి బజర్ ఒకసారి, అష్టాకి రెండుసార్లు మోగాలి.

నానో కంప్యూటరుకి తగిలిస్తే కనబడకపోతే ముందు కేబుల్ మార్చండి. కొన్ని కేబుళ్ళు ఛార్జింగుకి తప్ప డేటాకి పనికిరావు. కనబడుతోంది గానీ ప్రోగ్రాము ఎక్కడం లేదంటే, కంప్యూటర్లో ప్రోగ్రాము రాసే ఆర్డుయినో తెర మీద, టూల్స్‌లో ప్రాసెసర్ అని ఉన్నచోట ఓల్డ్ బూట్‌లోడర్ ఎంచుకోండి. చవక నానోల్లో చాలావాటికి అదే కావాలి.

ఆడే ముందు దాన్ని పరీక్షించాలి. లైట్లూ ఆలస్యాలూ తీసేసి ప్రోగ్రాము చేత వరసగా 1600 వేట్లు వేయించి లెక్క తెర మీద చూపించండి. 1 సుమారు 400, 2 సుమారు 600, 3 సుమారు 400, చెమ్మా 100, అష్టా 100 రావాలి. అష్టా 80, 120 మధ్య ఎంతొచ్చినా ఫరవాలేదు. 300 దాటిందంటే మీరు మళ్ళీ అయిదంకెల పద్ధతికే వెళ్ళారన్నమాట. గవ్వల 60 పెట్టుకుంటే ఈ లెక్కలు మారతాయి, మీరే వేసుకోండి.

గళ్ళ కింద అయస్కాంతం స్విచ్చులు పెట్టి కాయ ఎక్కడుందో కనిపెట్టించాలని మీలో పెద్దవాడు రాశాడు. ఇప్పుడు వద్దు నాన్నా. 25 గళ్ళకి 25 రీడ్ స్విచ్చులు, నానోకి అన్ని పిన్నులు లేవు కాబట్టి 5 అడ్డం 5 నిలువు తీగల వల అల్లాలి. ఆ వలలో ఒక చతురస్రానికి మూడు మూలల్లో కాయలుంటే నాలుగో మూలలోనూ ఉన్నట్టు చూపిస్తుంది. అది పోవాలంటే ఒక్కో స్విచ్చికీ కరెంటుని ఒకవైపే పోనిచ్చే డయోడు ఒకటి, అంటే 25 డయోడ్లు. ఇంతా చేస్తే గడిలో కాయ ఉందని తెలుస్తుంది గానీ ఎవరిదో తెలియదు, కట్టు గడిలో (కాయని చంపకూడని గడి) రెండున్నాయో మూడున్నాయో అసలే తెలియదు. 2006లో బ్రిటన్‌లో వచ్చిన ఎలక్ట్రానిక్ మోనోపలీలో కాగితం నోట్లు తీసేసి కార్డులూ, వాటిని చదివే చిన్న యంత్రమూ పెట్టారు. పాచికలూ, కాయలు జరపడమూ మనుషుల చేతికే ఉంచారు. నాకు అది తెలివైన పనే అనిపిస్తుంది. ఎదుటివాడి కాయని చంపి చేత్తో తీసి పక్కన పెట్టే సంతోషం యంత్రానికి ఎందుకివ్వాలి? ఒకరిని చంపితే గానీ లోపలి గళ్ళలోకి పోకూడదనే నియమం, వరసగా మూడు చెమ్మాలు పడితే ఏం చెయ్యాలనేది, ఇవీ చిప్పులో పెట్టకండి. వీధి మారితే నియమం మారుతుంది.

కరెంటు సంగతి. పాత ఫోన్ ఛార్జరు చాలు. కరెంటు పోయినప్పుడు ఆడాలంటే పవర్ బ్యాంకు గుర్తొస్తుంది గానీ, ఈ పెట్టె లాగే కరెంటు మరీ తక్కువ కాబట్టి ఫోన్ నిండిపోయిందనుకొని చాలా పవర్ బ్యాంకులు కాసేపటికి వాటంతటవే ఆగిపోతాయి. రీఛార్జి అయ్యే పెన్ను సెల్లులు నాలుగు వరసగా పెడితే 4.8 వోల్టులు, 5వీ పిన్నుకి సరిపోతుంది. మామూలు సెల్లులు నాలుగు కొత్తవి పెడితే 6 దాటుతుంది, ఆ పిన్నుకి పెట్టకండి, చిప్పు పోతుంది. సెల్లులు ఉండగా కేబుల్ తగిలించకండి.

పెట్టెకి పాత స్వీటు డబ్బా అట్టదైతే మంచిది, రేకుదైతే లోపల వైరు తగిలి షార్టవుతుంది. ఎల్ఈడీలకి 5 మిల్లీమీటర్ల కన్నాలు చాలు. మీ కళింగపట్నం ఉప్పుగాలికి బ్రెడ్‌బోర్డు లోపలి రేకులు, బటన్ కాళ్ళు తుప్పెక్కి కొన్నాళ్ళకి ఒక లైటు వెలిగీ వెలగకుండా ఉంటుంది. అలా ఒక లైటు మొరాయిస్తే లైట్ల లెక్కలో అష్టాలు ఎక్కువై చెమ్మాలు రావడం మానేస్తాయి, అదే గుర్తు. ఆట నచ్చితే సారు దగ్గరుండగా సోల్డరింగ్ చేయించుకోండి.

1600 వేట్ల లెక్క రాగానే ఆ అయిదు అంకెలూ, మీ గవ్వల నూటికెంతో రాసి పంపండి.

మీ తాతయ్య