ఔట్‌కాస్ట్ తొలి రోజుల గురించి పిల్లలకు ఉత్తరం

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

1995లో న్యూయార్క్‌లో జరిగిన ఒక పురస్కార సభలో ఆండ్రే బెంజమిన్ అనే అట్లాంటా కుర్రవాడు అన్న ‘దక్షిణాదికి చెప్పవలసింది ఉంది’ అనే ఒక్క మాటను జనం ఇప్పటికీ ఎందుకు తలుచుకుంటారని మీరు అడిగారు. ఆ మాట గొప్పదే కానీ, దాన్ని అనే స్థితికి రావడానికి అతనూ, ఔట్‌కాస్ట్ అనే ఇద్దరి ర్యాప్ బృందంలో అతని జోడీ ఆంట్వాన్ ప్యాటన్ అంతకుముందు మూడు నాలుగేళ్లు ఏం చేశారో తెలియకపోతే అది ఉత్త కోపంగానే వినిపిస్తుంది. అందుకని ముందు ఆ సంవత్సరాల సంగతి చెబుతాను.

1990ల మొదట్లో ర్యాప్ అంటే న్యూయార్క్, కాదంటే లాస్ ఏంజిలిస్. పెద్ద రికార్డు కంపెనీలూ, పత్రికలూ చాలావరకు ఆ రెండు ఊళ్లనే చూస్తూ ఉండేవి. అమెరికా దక్షిణాన హ్యూస్టన్‌లో గెటో బాయ్స్, మయామీలో టూ లైవ్ క్రూ అప్పటికే బాగా అమ్ముడుపోయినా, దక్షిణాది యాస చెవిన పడగానే అది పల్లెటూరి మొరటుతనమని తేల్చేసేవారు ఎక్కువ. మన సినిమాల్లో తెలంగాణ మాటను ఎన్నో ఏళ్లపాటు రౌడీలకూ హాస్యగాళ్లకూ మాత్రమే అంటగట్టిన సంగతి మీ అమ్మానాన్నలను అడిగితే చెబుతారు. ఇదీ ఆ బాపతు చిన్నచూపే.

ఆండ్రే, ఆంట్వాన్ ఇద్దరూ 1975లో పుట్టినవారు. ఈస్ట్ పాయింట్‌లోని ట్రై-సిటీస్ హైస్కూల్లో కలిసి చదువుకున్నారు. ఈస్ట్ పాయింట్ అంటే ఎక్కడో కాదు, నేను వచ్చినప్పుడల్లా మీరు నన్ను దింపుకునే విమానాశ్రయం పక్క ఊరే. మనం కారెక్కి నేరుగా ఉత్తరాన ఆల్ఫారెట్టా దారి పట్టేస్తాం కనుక ఆ వైపు చూడనే చూడము. అక్కడికి దగ్గరలో సౌందర్య సాధనాలు అమ్మే ఒక దుకాణంలో రికో వేడ్ అనే యువకుడు పనిచేసేవాడు. రే మరీ, స్లీపీ బ్రౌన్ అనే మిత్రులతో కలిసి అతను ఆర్గనైజ్డ్ నాయిజ్ అనే పేరుతో బాణీలు కట్టేవాడు. ఈ ఇద్దరు కుర్రాళ్లు అతని దగ్గరికి వెళ్లి, దుకాణం బయట బండ్లు నిలిపే చోట, ఎ ట్రైబ్ కాల్డ్ క్వెస్ట్ అనే న్యూయార్క్ బృందం బాణీ ఒకటి మోగుతుండగా ఒకరి తర్వాత ఒకరు ఆపకుండా చరణాలు వినిపించారు. తమ సత్తా చూపడానికి న్యూయార్క్ వాళ్ల బాణీనే ఎంచుకున్నారంటే, వారికి ఆ ఊరి మీద ద్వేషం లేదనీ, అక్కడి సంగీతం వింటూనే పెరిగారనీ మీరు గమనించాలి.

రికో వారిని తన తల్లి ఇంటి నేలమాళిగకు తీసుకువెళ్లాడు. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు డంజన్, అంటే చెరసాల. గచ్చు కూడా చేయించని ఆ గదిలో కింద జార్జియా ఎర్రమట్టి, దాని మీదే రికార్డింగ్ సామాను. తరువాత గూడీ మాబ్‌గా పేరు తెచ్చుకున్న కుర్రాళ్లు కూడా అక్కడే చేరేవారు. ఒకడు చరణం చెబితే మిగిలినవారు నిర్మొహమాటంగా తప్పొప్పులు చెప్పేవారు, నచ్చనిది మళ్లీ రాసుకోవలసిందే. అప్పట్లో చాలామంది పాత రికార్డుల నుంచి ముక్కలు కత్తిరించి బాణీలు కడుతుంటే, ఆర్గనైజ్డ్ నాయిజ్ వారు బేస్ గిటారు, కీబోర్డు వంటివి స్వయంగా వాయించే వారిని పిలిపించుకుని, వాటికి డ్రమ్ యంత్రం దెబ్బను జోడించారు. చర్చి పాటలూ ఫంక్ సంగీతమూ వింటూ పెరిగిన అట్లాంటా చెవికి సహజంగా పట్టే మెత్తదనం ఆ పాటలకు అలా వచ్చింది. నా దృష్టిలో ఈ కథకు ఆయువుపట్టు ఆ సభ కాదు, ఈ మట్టిగదే.

అట్లాంటాలోనే ఉన్న లాఫేస్ రికార్డ్స్ అధిపతి ఎల్.ఎ. రీడ్‌కు వీరు మొదట పెద్దగా నచ్చలేదు. ముందు 1992లో టీఎల్‌సీ బృందం పాట ఒకదాని రీమిక్స్‌లో ఒక చరణం పాడనిచ్చి, ఆ తరువాతే ఒప్పందం చేసుకున్నాడు. 1993లో ఆ కంపెనీ క్రిస్మస్ పాటల సంకలనం ఒకటి తెస్తూ, వీరినీ ఒక పాట చేయమంది. గంటలూ కానుకలూ గురించి రాయడం వారి ఒంటికి పడని పని. అందుకని చిమ్నీలే లేని తమ పేటలో ఆ పండుగ రోజు ఎలా గడుస్తుందో, ఎవరెవరు ఏ కార్లలో బయటికి వస్తారో రాశారు. అదే ‘ప్లేయర్స్ బాల్’. పండుగ వెళ్లిపోయినా పాట నిలిచి, పాటల ఆదరణను బట్టి స్థానాలిచ్చే బిల్‌బోర్డ్ పత్రిక ర్యాప్ జాబితాలో ఆరు వారాలు మొదటి స్థానంలో ఉంది. దాని వీడియో తీసినవాడు న్యూయార్క్ మనిషి, షాన్ కోంబ్స్.

1994 ఏప్రిల్‌లో తొలి ఆల్బమ్ విడుదలయ్యేనాటికి ఇద్దరికీ ఇరవై నిండలేదు. అది ఆ పత్రిక ఆల్బమ్‌ల జాబితా బిల్‌బోర్డ్ 200లో 20వ స్థానం దాకా వెళ్లి, ఏడాది తిరిగేసరికి పది లక్షల ప్రతుల ప్లాటినం గుర్తింపు పొందింది.

ఇక మీరడిగిన సభ. 1995 ఆగస్టు 3న ‘ది సోర్స్’ పత్రిక పురస్కారాలు ఇచ్చింది. తూర్పు, పశ్చిమ తీరాల వారి మధ్య, అంటే న్యూయార్క్, లాస్ ఏంజిలిస్ ర్యాపర్ల మధ్య, కక్షలు ముదిరిన రోజులవి, హాలంతా ఉద్రిక్తంగా ఉంది. కొత్త బృందం బహుమతికి ఔట్‌కాస్ట్ పేరు చదవగానే జనం ఈలలు వేసి వెక్కిరించారు. ముందు ఆంట్వాన్ న్యూయార్క్ వారిని మర్యాదగానే పలకరించాడు. తరువాత ఆండ్రే, తమ డెమో టేపును, అంటే నమూనాగా పాడి ఇచ్చిన టేపును, వినడానికి ఎవరూ ఇష్టపడని మూసుకుపోయిన మనసులతో విసిగిపోయామనీ, దక్షిణాదికి చెప్పవలసింది ఉందనీ అని, అంతటితో ముగించాడు. టేపు ప్రస్తావనను చాలామంది వదిలేస్తారు కానీ, ఆ మాటకు అర్థమంతా అందులోనే ఉంది. ముందు విని, ఆ తరువాత బాగాలేదంటే అది వేరు. వినకుండానే తోసిపుచ్చడం మీదే అతని ఫిర్యాదు.

ఆ తరువాత వారు న్యూయార్క్ మెప్పు కోసం బాణీ మార్చలేదు. బాణీలు కట్టడం తామే నేర్చుకుని, కొన్ని పాటలను స్వయంగా నిర్మించి, 1996లో రెండో ఆల్బమ్ ‘ఏటీలియన్స్’ తెచ్చారు. అది బిల్‌బోర్డ్ 200లో రెండో స్థానంలో మొదలైంది.

వినాలనుకుంటే తొలి ఆల్బమ్‌తోనే మొదలుపెట్టండి. బూతు మాటలు ఉన్న పాటలు కొన్ని ఉన్నాయి కనుక, ఏవి వినాలో ముందు అమ్మనడగండి. బేస్ గిటారు మోతను మాత్రం చిన్న ఫోను స్పీకర్లో కాకుండా మంచి హెడ్‌ఫోన్లలో వినండి.

మీ తాతయ్య