చెత్త ఏరే ముందు నోటుబుక్కు కొనండి

నల్లగొండ

మన కాలనీ పిల్లలందరికీ తాత దీవెనలు.

సద్దుల బతుకమ్మ మర్నాడు పానగల్లు చెరువు కట్టను శుభ్రం చేస్తామని, దానికి టీషర్టులు, ఒక పెద్ద ఫ్లెక్సీ, ఫోటోలు తీయడానికి ఒక అన్న కావాలని మీరు రాసిన చీటీ అందింది. చందా అడిగిన తీరు నచ్చింది. పెద్దవాళ్లలాగా నసగకుండా సూటిగా అంకె వేశారు. కానీ ఆ చీటీలో చేతి తొడుగుల ఊసు లేదు, గోనెసంచుల ఊసు లేదు, ఏరిన చెత్త ఎక్కడికి పోవాలన్నది అసలే లేదు. అందుకే డబ్బుల కంటే ముందు ఈ ఉత్తరం ఇస్తున్నాను. ఎదురుగా కూర్చోబెట్టి చెబితే మీలో సగం మంది ఫోన్లు చూస్తారు, నాకు తెలుసు.

ఫ్లెక్సీ సంగతి మొదట తేల్చేద్దాం. వంద మైక్రాన్ల కంటే పలుచని పీవీసీ బ్యానర్లు 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధం. ప్లాస్టిక్ కప్పులు, స్ట్రాలు, చెంచాలు, అలంకరణకు వాడే థర్మాకోల్, ఇవన్నీ అదే జాబితాలో ఉన్నాయి. మందమైన ఫ్లెక్సీ వేయిస్తే చట్టం ఏమీ అనదు గానీ, ‘కట్ట శుభ్రం చేద్దాం రండి’ అని రాసిన ఆ గుడ్డ గాలికి చిరిగి తుమ్మచెట్టుకు వేలాడితే దాన్ని దింపడానికి మళ్లీ మీరే పోవాలి. అట్ట మీద రంగుతో రాయండి. టీషర్టులు కూడా వద్దు. పాత బట్టలు వేసుకుని రండి, ఆ పనికి అవే మేలు.

ఇక అసలు విషయం. మా బిడ్డ విశాఖపట్నంలో సముద్రం ఒడ్డు కాలనీలో ఉంటుంది. పోయిన చలికాలం నేను అక్కడే ఉన్నాను. ఆ కాలనీవాళ్లకు ఒక నివాసుల సంఘం ఉంది. మనకు సంఘం అంటే వినాయకుడి మండపం, నీళ్ల ట్యాంకరు, పార్కింగు తగువులు. వాళ్లకూ ఆ తగువులన్నీ ఉన్నాయి, కాకపోతే ఆదివారం పొద్దున వాటిని కాసేపు పక్కనపెట్టి ఇసుక మీదికి దిగుతారు. మొదటి వారం అల్లుడు నన్ను ఊరికే తోడు తీసుకుపోయాడు. తర్వాత అతను నిద్ర లేవకపోయినా నేను పోయాను.

వాళ్ల పద్ధతి ఇది. రెండు దీపస్తంభాల మధ్య ఉన్న ముక్క ఒక్కటే తీసుకుంటారు. వారం వారం అదే ముక్క. బీచ్ మొత్తం ఎత్తేద్దామని ఎవరూ పోరు. నలుగురు ఏరతారు, ఒకరు రాస్తారు. రాసే పని ఒక రిటైర్డ్ బ్యాంకు మేడమ్‌ది. ఏరేవాళ్లు వంగి తీసిన ప్రతిదీ పైకి అరిచి చెప్పాలి. ‘స్ట్రా ఒకటి. సాచెట్ రెండు. సీసా మూత. టీ కప్పు. వలముక్క. చెప్పు ఒకటి.’ ఆమె పుస్తకంలో ఒక్కో వస్తువుకూ ఒక్కో వరస. నాలుగు నిలువు గీతలు, ఐదోది అడ్డగీత. అరవకుండా సంచిలో వేసుకున్నవాణ్ని, వాడు ఎంత పెద్ద ఉద్యోగస్తుడైనా సరే, బయటికి తీయించి మళ్లీ చెప్పించేది. నాకు మొదట నవ్వొచ్చింది. చెత్తకు పద్దులేంటి అనుకున్నాను.

కొన్ని వారాలయ్యాక ఆమె ఆ పుస్తకాన్ని మెట్ల మీద పెట్టి అందరికీ చూపించింది. స్ట్రాలు, కప్పులు, పేపర్ ప్లేట్లు ఉన్నదంతా మొక్కజొన్న పొత్తులు, మిరపకాయ బజ్జీలు అమ్మే బండ్ల వైపు. వలముక్కలు, నైలాన్ తాళ్లు పడవలు నిలిపే చోట. షాంపూ సాచెట్లు, గుట్కా పొట్లాలు, పాల కవర్లు మాత్రం ఎవరూ కూర్చోని చోట, గెడ్డ వచ్చి సముద్రంలో కలిసే మూల. గెడ్డ అంటే అక్కడి మాటలో వాగు, ఊళ్లోంచి పారుతూ వచ్చే పెద్ద కాలువ అనుకోండి. వాన పడిన మర్నాడు ఆ మూలలో గీతలు పేజీ దాటి పోయాయి. బీచ్‌కు వచ్చినవాళ్లు ఎవరూ అక్కడ షాంపూతో తల స్నానం చేయరు కదా. అంటే ఆ సాచెట్ సముద్రం దగ్గర పారేసింది కాదు, ఎక్కడో కొండవాలు బస్తీలో మోరీలో పడి కొట్టుకొచ్చింది.

ఒక్క పుస్తకం మూడు దారులు చూపించిందన్నమాట. బండ్లవాళ్లతో మాట్లాడాలి. పడవలవాళ్లతో మాట్లాడాలి. గెడ్డకు జాలీ వేయించాలి. చెత్త అంతా కలిపి ఇన్ని బస్తాలు ఎత్తామని చెప్పుకుని ఫోటో దిగి ఉంటే ఈ మూడింట్లో ఒక్కటీ తెలిసేది కాదు. బస్తాలో పడ్డాక అంతా ఒకటే చెత్త.

అలాగని పుస్తకం చూడగానే లోకం మారిపోయిందని అనుకోకండి. బండ్లవాళ్లలో కొందరు బుట్టలు పెట్టారు, కొందరు ‘మా బేరం చెడగొడతారా’ అని కసిరారు. పడవలవాళ్లు మాత్రం తొందరగా దారికొచ్చారు. పడవ దగ్గర ఒక గోనెసంచి కట్టండి, తెగిన వలలు అందులో వేయండి అంటే వేశారు, ఎందుకంటే అలా వదిలేసిన వల వాళ్ల పడవ పంకాకే చుట్టుకుంటుంది. జాలీ కోసం అర్జీ పెడితే ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు తిప్పారు. చివరికి వేశారు. మొదటి వానకే అది చెత్తతో మూసుకుపోయి నీళ్లు రోడ్డెక్కాయి. జాలీ వేస్తే సరిపోదు, దాన్ని రోజూ గోకే మనిషి కావాలని అప్పుడు రెండో అర్జీ. నేను వచ్చేసేనాటికి అది నడుస్తూనే ఉంది.

ఈ లెక్క రాయడం వాళ్లు కనిపెట్టింది కాదు. 1986లో అమెరికాలోని టెక్సస్ తీరంలో ఇద్దరు ఆడవాళ్లు పిలిస్తే 2,800 మంది వచ్చి మూడు గంటల్లో 124 టన్నుల చెత్త ఎత్తారు. ఎత్తింది ఎత్తినట్టే కాగితం మీద రాశారు. ఓడల నుంచి సముద్రంలోకి ఎంత ప్లాస్టిక్ విసిరేస్తున్నారో అలా లెక్కతో బయటపడ్డది. ఓడల మీది నుంచి ప్లాస్టిక్ పారేయకూడదన్న అంతర్జాతీయ నియమం 1988 డిసెంబరు 31 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ కాగితాల వల్లే వచ్చిందని నేను అనను గానీ, వాదించేవాళ్ల చేతిలో అంకెలుండడం ఊరికే పోదు. ఇప్పుడు ఏటా సెప్టెంబరు మూడో శనివారం ప్రపంచమంతా తీరాలు శుభ్రం చేస్తారు, లెక్కలూ రాస్తారు.

ఇంకో పని చెబుతాను, మీకు ఇది నచ్చుతుంది. జనవరి నుంచి మార్చి దాకా ఆ ఒడ్డుకు ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. రాత్రిపూట వస్తాయి. వెనక కాళ్లతో ఇసుక తోడి, దాదాపు వంద గుడ్లు పెట్టి, మళ్లీ కప్పి, దాని మీద పొట్టతో తట్టి సముద్రంలోకి పోతాయి. గుడ్లు పిల్లలవడానికి నెలన్నర నుంచి రెండు నెలలు. తల్లి మళ్లీ రాదు. ఇసుక వేడి ఎక్కువుంటే ఆడపిల్లలు ఎక్కువ పుడతాయట, తక్కువుంటే మగవి. బయటికి వచ్చిన పిల్ల తాబేలు ఎటు వెలుగు ఎక్కువగా కనిపిస్తే అటు పోతుంది. పాతకాలంలో వెలుగు అంటే సముద్రం మీది ఆకాశమే. ఇప్పుడు అపార్టుమెంట్ల లైట్లు. పాపం అది రోడ్డు వైపు పాక్కుంటూ వచ్చి బండ్ల కింద పడుతుంది, లేదంటే కుక్కల నోట పడుతుంది.

అందుకని ఆ నెలల్లో సముద్రం వైపున్న బాల్కనీ లైట్లు రాత్రి ఆర్పాలని సంఘం తీర్మానం. లిఫ్టులో కాగితం అంటించారు. ఎవరైనా ఆర్పకపోతే వాచ్‌మన్ ఇంటర్‌కంలో ఫోన్ చేసి ‘తాబేలు సార్’ అని పెట్టేసేవాడు, అంతే. గూడు కనబడితే ముట్టుకోకుండా అటవీశాఖ వాళ్లకు చెప్పాలి. వాళ్లు వచ్చి గుడ్లను కంచె వేసిన చోటికి మార్చి కాపాడతారు. ఈ తాబేలు 1972 వన్యప్రాణి రక్షణ చట్టంలో మొదటి షెడ్యూలులో ఉంది, అంటే పులికి ఎంత రక్షణో దీనికీ అంత. సంఘం చేసిన పనుల్లో ఖర్చు లేనిది, ఫోటోకు పనికిరానిది ఇదే. చీకటిని ఏం ఫోటో తీస్తారు? నా మటుకు నాకు వాళ్ల పనుల్లో అదే పెద్దది.

సముద్రంతో మనకేం పని తాతా అని మీలో ఒకరు అడుగుతారు, ఎవరో కూడా నాకు తెలుసు. చెబుతాను. హైదరాబాదు మురికంతా మోసుకుని మూసీ మన జిల్లాలోకి దిగుతుంది, వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. కృష్ణ పోయి హంసలదీవి దగ్గర సముద్రంలో పడుతుంది. మనం పారేసిన ప్రతి కవరూ అక్కడిదాకా పోతుందని చెప్పను, నడుమ పులిచింతల ఉంది, ప్రకాశం బరాజ్ ఉంది, తీగలూ పొదలూ ఉన్నాయి. కానీ దారి అయితే ఉంది. మోరీ నుంచి వాగుకు, వాగు నుంచి చెరువుకు, ఆ చెరువు మత్తడి దుంకితే కింది చెరువుకు. గొలుసుకట్టు చెరువులు కట్టిన మన పెద్దలకు నీళ్లు ఎటు పారతాయో తెలుసు. చెత్త కూడా అటే పారుతుంది.

పానగల్లు చెరువు కథ ఇంకో రకం. దీనికే ఉదయసముద్రం అని పేరు. కందూరు చోడ రాజుల కాలం నాటి ఈ చెరువులో ఇప్పుడు ఉన్నవి ఎక్కువగా కృష్ణ నీళ్లు. నాగార్జునసాగర్ వెనక జలాలను పుట్టంగండి దగ్గర ఎత్తిపోసి, అక్కంపల్లి రిజర్వాయరు మీదుగా కాలువలో ఇక్కడిదాకా తెచ్చారు. మన జిల్లాలో చెరువు నీటి విలువ మీ వయసువాళ్లకు అంతగా తెలియదు. మా చిన్నప్పుడు మర్రిగూడ, మునుగోడు వైపు చుట్టాలింటికి పోతే పిల్లల పళ్లు గోధుమరంగు మచ్చలతో ఉండేవి, నడివయసు వాళ్లు కర్ర పట్టుకుని వంగి నడిచేవాళ్లు. బోరు నీళ్లలో ఫ్లోరైడ్. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు, అక్కడ అంతకు ఎన్నో రెట్లు ఉండే బోర్లు ఉండేవి. భూమి లోపలి నీళ్లు అట్లాంటివి అయినచోట భూమి మీది నీళ్లే దిక్కు. అలాంటి నీళ్ల పక్కన కూర్చుని చిప్స్ తిని కవరు గట్టు మీద వదిలేయడానికి మనసెలా వస్తుందో నాకు అర్థం కాదు.

ఇప్పుడు మీ పని. కట్ట మొత్తం వద్దు, రెండు కరెంటు స్తంభాల మధ్య ముక్క చాలు. బతుకమ్మ పూలను చెత్తగా లెక్కించకండి. తంగేడు, గునుగు, బంతి, గుమ్మడిపూలు ఒడ్డుకు కొట్టుకొస్తే ఒకచోట కుప్పవేసి ఎరువుగుంటకు పంపండి. పూలతోపాటు వచ్చిన ప్లాస్టిక్ పళ్లేలు, మెరుపు కాగితాలు, అగరబత్తి డబ్బాలు, నూలు కాని దారాలు, అవే మీ లెక్క. ప్రసాదం పంచిన కప్పులకు వేరే వరస పెట్టండి. వచ్చే ఏడు ఆడవాళ్లతో మాట్లాడేటప్పుడు ‘అమ్మా, పోయినసారి ఇన్ని కప్పులు’ అని పుస్తకం చూపిస్తే, సత్తు పిండి ఆకులో పెట్టి పంచుదామని వాళ్లే అంటారు. ఊరికే ‘ప్లాస్టిక్ వద్దు’ అంటే ‘పోరా పెద్దమనిషీ’ అంటారు.

సీసా పెంకులు, సూదులు ముట్టుకోకూడదు. కనిపిస్తే పక్కన నిలబడి పెద్దవాళ్లను పిలవండి. నీళ్లలోకి దిగకూడదు. కట్టకు లోపలివైపు పేర్చిన రాళ్లు పాచి పట్టి జారతాయి, రాళ్ల సందుల్లో పాములుంటాయి. తూము దగ్గరికి అసలే పోవద్దు. ఎండుగడ్డి, చెత్త కలిపి అగ్గి పెట్టే పని ఎవరు చేసినా ఆరోజే సంచులు సర్దుకుని ఇంటికి వచ్చేయండి.

సాచెట్లు, చిప్స్ కవర్లు వేరే సంచిలో పెట్టండి. ప్లాస్టిక్, అల్యూమినియం పొరలు అంటించి చేసినవి కాబట్టి పాతసామాన్ల దుకాణంవాడు కొనడు. మహా అయితే సిమెంటు ఫ్యాక్టరీ కొలిమిలో కాల్చడానికి పోతాయి. సీసాలు, అట్టలు వాడు కొంటాడు, వచ్చిన డబ్బు చేతి తొడుగులకు రాసుకోండి. మున్సిపాలిటీ చెత్తబండి డ్రైవరుకు ముందురోజే చెప్పి ఉంచాలి. లేకపోతే మీరు కట్టిన సంచులను రాత్రికి కుక్కలు చింపి, పొద్దునకల్లా ఉన్నచోటే పరుస్తాయి.

డబ్బుల సంగతి. సంఘం పెట్టి రిజిస్టరు చేద్దామని మీలో పెద్దవాడు అన్నాడట. చట్టం ప్రకారం కనీసం ఏడుగురు సభ్యులు కావాలి, వాళ్లూ పెద్దవాళ్లయి ఉండాలి. కాబట్టి ఆ ముచ్చట మీ నాన్నలకు వదిలేయండి. నేనిచ్చే డబ్బుకు గోనెసంచులు, తొడుగులు, ఒక నోటుబుక్కు కొని బిల్లులు ఆ బుక్కు చివరి పేజీలో అంటించండి. మిగిలితే తిరిగి ఇవ్వండి. ఐస్‌క్రీములకు విడిగా ఇస్తాను.

ఒక్కటి మాత్రం నేను లేకుండా చేయకండి. ఆ చెరువులో చేపలు పట్టుకునే హక్కు మత్స్యకారుల సంఘానిది. ఒడ్డున పడి ఉన్న వల అంతా చెత్త కాదు, కొంత ఆరబెట్టుకున్నది కూడా ఉంటుంది. ఏ వల తీయొచ్చో ఏది తీయకూడదో వాళ్లే చెప్పాలి. శనివారం సాయంత్రం ఐదింటికి వాళ్ల పెద్దమనిషి దగ్గరికి పోదాం, మీలో ఇద్దరు నాతో రండి. లెక్క రాసే పని ఎవరిదో అప్పటికి తేల్చుకోండి. రాసేవాళ్లు పెన్ను కాదు, పెన్సిల్ తెచ్చుకోవాలి. తడి చేతులు తగిలితే సిరా అలుక్కుపోతుంది.

ఇట్లు
మీ తాత